ఎనభై ఏళ్ల తర్వాత ‘డెడ్ ఆఫ్ నైట్’

1945 సెప్టెంబరులో, జపాన్ లొంగిపోయి నెల తిరగకముందే, లండన్‌లో ఒక దెయ్యాల సినిమా విడుదలైంది. పేరు ‘డెడ్ ఆఫ్ నైట్’. తీసింది ఈలింగ్ స్టూడియోస్, నిర్మాత మైకేల్ బాల్కన్. అయిదు కథలు, ఆ అయిదింటినీ పట్టి ఉంచే ఆరో కథ, నలుగురు దర్శకులు. ఆల్బెర్తో కావల్కాంతి, చార్ల్స్ క్రిక్టన్, రాబర్ట్ హామర్, బేసిల్ డియర్డెన్ పంచుకుని తీసిన ఈ చిత్రం నిడివి గంటా నలభై నిమిషాలకు కాస్త ఎక్కువ. ఇందులో రక్తం దాదాపు కనిపించదు. దెయ్యం మీదికి దూకే ఘట్టం ఒక్కటీ లేదు. అయినా, హారర్ సినిమాల్లో చూడనిది లేదనుకునే నేటి ప్రేక్షకుణ్ణి కూడా చివరి పది నిమిషాల్లో ఊపిరాడనివ్వదు. ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే సినిమాతో పాటు అది పుట్టిన కాలాన్నీ చూడాలి.

యుద్ధకాలపు బ్రిటన్‌లో హారర్ సినిమాకు చోటు లేదు. పిల్లలను హాల్లోకి రానివ్వకూడని భయానక చిత్రాలకు అక్కడి సెన్సార్ బోర్డు 1930ల్లో ‘హెచ్’ అనే ప్రత్యేక ముద్ర పెట్టింది. 1942 నుంచి యుద్ధం ముగిసే దాకా ఆ ముద్ర వేయాల్సిన చిత్రాలకు అనుమతే ఇవ్వలేదు. బాంబులు పడుతున్న దేశంలో జనాన్ని ఇంకా భయపెట్టడం ఎందుకన్నది ఆలోచన. బాల్కన్ కూడా ఆ సంవత్సరాల్లో నావికుల మీద, అగ్నిమాపక దళాల మీద, మామూలు మనుషుల ధైర్యం మీద సినిమాలు తీయించాడు. ‘డెడ్ ఆఫ్ నైట్’ దర్శకులు ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లే. బ్రెజిల్‌లో పుట్టి, పారిస్‌లో ప్రయోగాత్మక చిత్రాలు తీసి, తర్వాత బ్రిటిష్ తపాలా శాఖ చిత్ర విభాగంలో డాక్యుమెంటరీలకు ఊపిరిపోసిన కావల్కాంతి, 1942లో ఈలింగ్‌కే ‘వెంట్ ద డే వెల్?’ తీశాడు. బ్రిటిష్ సైనికుల వేషంలో ఒక ఇంగ్లిష్ పల్లెలో దిగిన జర్మన్లను ఊరివాళ్లు ఎదుర్కొనే కథ అది.

ఇక్కడ మరో సినిమాను పక్కన పెట్టి చూడాలి. 1944లో ఇదే ఈలింగ్, ఇదే డియర్డెన్ దర్శకత్వంలో ‘ద హాఫ్‌వే హౌస్’ తీసింది. వేల్స్ కొండల్లోని ఒక సత్రానికి రకరకాల బాధల్లో ఉన్న మనుషులు చేరతారు. ఆ సత్రం ఏడాది కిందటే బాంబు పడి కాలిపోయిందని, తమకు అన్నం పెడుతున్న సత్రం యజమాని, అతని కూతురు బతికి లేరని వాళ్లకు మెల్లగా తెలుస్తుంది. ఆ దెయ్యాలు ఎవరినీ భయపెట్టవు. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఊరటనిస్తాయి, విడిపోబోతున్న దంపతులను కలుపుతాయి. సత్రం యజమానిగా నటించిన మెర్విన్ జాన్స్, మరుసటి ఏడు ‘డెడ్ ఆఫ్ నైట్’లో ప్రధాన పాత్ర వేశాడు. రచయితల్లో ఆంగస్ మ్యాక్‌ఫైల్ రెండింటికీ పనిచేశాడు. అదే స్టూడియో, అదే నటుడు, దాదాపు అదే ఏర్పాటు: ఊరికి దూరంగా ఒక ఇల్లు, అందులో కొందరు అపరిచితులు, గతి తప్పిన కాలం. యుద్ధం నడుస్తున్నప్పుడు దెయ్యాలు ఓదార్చాయి. యుద్ధం ముగిశాక ఆ ఓదార్పు మాయమైంది. ‘డెడ్ ఆఫ్ నైట్’లో యుద్ధం ఊసే ఎత్తరు. ఆరేళ్లు నోరు నొక్కుకున్న భయమే ఇందులో బయటపడిందని నాకు అనిపిస్తుంది.

వాల్టర్ క్రెయిగ్ అనే ఆర్కిటెక్టు, ఇంటిని విస్తరించే పనికి సలహా కోసం పిలుపు వస్తే, ‘పిల్‌గ్రిమ్స్ ఫార్మ్’ అనే పల్లెటూరి ఇంటికి కారులో వస్తాడు. మలుపు దగ్గర కారాపి ఇంటిని చూస్తూ ఉండిపోతాడు. లోపలికి వెళ్లాక కోటు ఎక్కడ తగిలించాలో ఎవరూ చెప్పకుండానే అతనికి తెలుసు. గదిలో ఉన్నవాళ్లందరినీ తాను కలలో చూశానని, ఆ కల మళ్లీ మళ్లీ వస్తోందని చెబుతాడు. నల్లజుట్టు అమ్మాయి ఒకతె వస్తుందని, ఆమె దగ్గర డబ్బు ఉండదని అంటాడు. కాసేపటికి అలాంటి యువతే వచ్చి, టాక్సీకి ఇవ్వడానికి డబ్బు కావాలని భర్తను అడుగుతుంది. డాక్టరు కళ్లజోడు పగిలినప్పుడు కల పీడకలగా మారుతుందన్నది అతనికి లీలగా గుర్తు. గదిలో ఉన్న మానసిక వైద్యుడు వాన్ స్ట్రాటెన్ ఇదంతా మనసు చేసే మాయ అని కొట్టిపారేస్తాడు. మిగతావాళ్లు మాత్రం క్రెయిగ్‌ను నమ్మి, తమకు జరిగిన వింతలు ఒక్కొక్కటిగా చెబుతారు.

కథలో కథ మనకు కొత్త కాదు. సోమదేవుడు 11వ శతాబ్దంలో ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన బేతాళ కథలు తెలుగువాళ్లకు ‘చందమామ’ ద్వారా ఇంటింటి కథలయ్యాయి. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని రాజు శ్మశానం కేసి నడవడం, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయడం, రాజు నోరు విప్పగానే శవం మళ్లీ చెట్టెక్కడం. నెలనెలా అదే మొదలు, అదే చివర. అందుకే ఈ సినిమా చట్రం మనకు సులువుగా పట్టుబడుతుంది. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. సోమదేవుడి రాజుకు ఆ తిరుగుడు నుంచి బయటపడే దారి ఉంది. చివరి ప్రశ్నకు జవాబు తెలియక అతను మౌనంగా ఉండిపోతాడు, ఆ మౌనమే అతణ్ణి గట్టెక్కిస్తుంది. క్రెయిగ్‌కు అలాంటి దారి లేదు.

సినిమాకు కూడా ఈ పద్ధతి కొత్త కాదు. జర్మనీలో రిచర్డ్ ఓస్వాల్డ్ 1919లోనే అయిదు వింత కథలను కలిపి సినిమా తీశాడు. పాల్ లేని 1924లో మైనపు బొమ్మల ప్రదర్శనశాల చుట్టూ కథలల్లాడు. కానీ ఆ సినిమాల్లో చట్రం కథలను మోసే పళ్లెం మాత్రమే. ‘డెడ్ ఆఫ్ నైట్’లో చట్రమే కథలన్నిటినీ చివరికి మింగేస్తుంది.

మొదటి కథ రేసు కార్ల డ్రైవరుది. ఇ.ఎఫ్. బెన్సన్ 1906లో రాసిన కథ దీనికి ఆధారం. ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉన్న అతను రాత్రి పడుకోబోతూ గడియారం చూస్తాడు. పది కావస్తోంది. రేడియో పాట ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్లీ చూస్తే నాలుగుంబావు. లేచి కిటికీ తెర తీస్తే బయట పట్టపగలు. కింద గుర్రాలు కట్టిన శవబండి. బండివాడు తలెత్తి, లోపల ఒక్కరికే చోటుందని, ఎంతో మర్యాదగా అంటాడు. తర్వాత ఆసుపత్రి నుంచి బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు సమయం నాలుగుంబావు. కండక్టరుది అదే ముఖం, అదే మాట. అతను ఎక్కడు. బస్సు అతని కళ్ల ముందే వంతెన మీంచి పడిపోతుంది. ఇంత చిన్న కథలో భయం ఎక్కడుందో నిదానంగా గమనించాలి. శవబండిలో కాదు, రేడియో ఆగిన ఆ క్షణపు నిశ్శబ్దంలో ఉంది. ఈ కథనే 1961లో అమెరికన్ టెలివిజన్ సీరియల్ ‘ట్విలైట్ జోన్’ మళ్లీ తీసింది. చావు ముందుగా కనిపించి తప్పించుకునే మనుషుల మీద ఇటీవల వచ్చిన హాలీవుడ్ చిత్రాలకూ ఈ కథ పూర్వికురాలే.

రెండో కథ క్రిస్మస్ రాత్రి ఒక పాత భవనంలో దాగుడుమూతలాట. శాలీ అనే అమ్మాయి దాక్కుంటూ దాక్కుంటూ ఎవరూ ఎరుగని గదిలోకి చేరుతుంది. అక్కడ ఒక చిన్న పిల్లవాడు ఏడుస్తుంటాడు. అక్క కాన్‌స్టన్స్ అంటే వాడికి భయం. శాలీ వాణ్ణి ఊరడించి, పాట పాడి నిద్రపుచ్చి తిరిగి వచ్చాక, ఆ పిల్లవాడు 1860లోనే హత్యకు గురయ్యాడని తెలుస్తుంది. వాడి పేరు ఫ్రాన్సిస్ కెంట్.

ఇది కల్పించిన పేరు కాదు. 1860 జూన్ చివర, పశ్చిమ ఇంగ్లండ్‌లోని రోడ్ హిల్ హౌస్‌లో నాలుగేళ్లయినా నిండని ఫ్రాన్సిస్ సావిల్ కెంట్‌ను రాత్రికి రాత్రే ఎవరో మంచం మీంచి ఎత్తుకెళ్లి గొంతు కోశారు. స్కాట్లండ్ యార్డ్ డిటెక్టివ్ జాక్ విచర్, పిల్లవాడి సవతి అక్క, 16 ఏళ్ల కాన్‌స్టన్స్ మీద అనుమానపడి అరెస్టు చేశాడు. ఒక మంచి కుటుంబం గుట్టు రట్టు చేశాడని దేశమంతా అతణ్ణే తిట్టింది. కేసు వీగిపోయింది. అయిదేళ్ల తర్వాత, 1865లో, కాన్‌స్టన్స్ తానే చంపానని ఒప్పుకుంది. మరణశిక్ష యావజ్జీవంగా మారి, 20 ఏళ్లు జైల్లో గడిపి, 1885లో విడుదలై, పేరు మార్చుకుని ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. అక్కడ నర్సుగా పనిచేసి, నూరేళ్లు నిండాక 1944 ఏప్రిల్‌లో చనిపోయింది. అంటే ఈలింగ్ వాళ్లు ఆమె పేరును దెయ్యాల కథలోకి ఎక్కించడానికి కొద్ది కాలం ముందు వరకూ ఆమె బతికే ఉంది. రూత్ ఎమిలీ కే అనే వృద్ధురాలే కాన్‌స్టన్స్ అని లోకానికి తెలిసింది చాలా దశాబ్దాల తర్వాత. ఈ సంగతి తెలిశాక ఆ గదిలో దృశ్యం మునుపటిలా కనిపించదు. అమాయకంగా జోలపాడుతున్న అమ్మాయి ఒళ్లో ఉన్నది కల్పితపు దెయ్యం కాదు, నిజంగా బతికి నిజంగా చంపబడిన పసివాడు. ఈ భాగం తీసింది కావల్కాంతి. అతని చేతిలో డాక్యుమెంటరీ అనుభవం ఇక్కడ పనిచేసిందనుకుంటాను. కెమెరా ఎక్కడా గొంతు పెంచదు.

మూడో కథ హామర్ తీసిన అద్దం కథ. దర్శకుడిగా అతని పేరు తెర మీద పడిన తొలి పని ఇదే. నాలుగేళ్ల తర్వాత ‘కైండ్ హార్ట్స్ అండ్ కారొనెట్స్’ తీసి బ్రిటిష్ సినిమాలో నిలిచిపోయాడు. పెళ్లి కాబోతున్న జోన్, పాత వస్తువుల దుకాణంలో కొన్న అద్దాన్ని పీటర్‌కు కానుకగా ఇస్తుంది. అద్దంలో పీటర్‌కు తన గది కనిపించదు. చెక్క పలకల గోడలు, పొయ్యిలో మండుతున్న దుంగలు, తెరలు కట్టిన పెద్ద మంచం ఉన్న మరో గది కనిపిస్తుంది. ఆ గది యజమాని గుర్రం మీంచి పడి మంచాన పడ్డవాడు. అనుమానంతో భార్యను చంపి, ఆ అద్దం ముందే గొంతు కోసుకున్నాడు. డగ్లస్ స్లోకంబ్ ఛాయాగ్రహణాన్ని ఇక్కడ గమనించండి. పీటర్ ఇల్లు చదునైన వెలుతురులో చప్పగా ఉంటుంది, అద్దంలో గది మాత్రం నీడలతో, మంటల కదలికతో ప్రాణమున్నట్టు ఉంటుంది. పెళ్లి చేసుకోబోయే మర్యాదస్తుడు అణచుకున్న హింస అంతా ఆ చట్రంలో చేరింది. తర్వాత స్లోకంబ్ 1981లో ‘రెయిడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’కు కెమెరా పట్టాడు. ఈ అద్దం అతని పనితనానికి తొలి రోజుల సాక్ష్యం. గూగీ విదర్స్ నటనను కూడా చెప్పాలి. చివర్లో భర్త ఆమె మెడకు ఉచ్చు బిగిస్తున్నప్పుడు అద్దంలోని గది ఆమెకూ కనిపిస్తుంది. ఆమె కేకలు వేస్తూ ఎవరో రక్షిస్తారని చూడదు, చేతికందిన వస్తువుతో అద్దం పగలగొడుతుంది. 1945 నాటి హారర్‌లో తన ప్రాణాన్ని తానే కాపాడుకున్న స్త్రీ ఆమె.

నాలుగోది గోల్ఫ్ కథ. హెచ్.జి. వెల్స్ 1902 నాటి హాస్యకథను ఆధారం చేసుకుని క్రిక్టన్ తీశాడు. ఒక అమ్మాయి కోసం ఇద్దరు మిత్రులు పందెం ఆడతారు. ఓడినవాడు చెరువులోకి నడిచి వెళ్లి మునిగిపోతాడు. గెలిచినవాడు మోసం చేశాడని తెలిసి దెయ్యమై తిరిగొస్తాడు. అందరూ చప్పగా ఉందని తిట్టేది ఈ భాగాన్నే. నిజమే, బలహీనమైనదే. కానీ దాని పని దానికి ఉంది. అప్పటి దాకా బిగుసుకుంటూ వచ్చిన ప్రేక్షకుడు నవ్వి ఒళ్లు సడలించుకున్నాకే, ఆ వెంటనే, అయిదో కథ మీద పడుతుంది.

అయిదోది మాట్లాడే బొమ్మ కథ. చెప్పేది, అప్పటి వరకూ అన్నిటినీ తర్కంతో తోసిపుచ్చిన డాక్టర్ వాన్ స్ట్రాటెన్. హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని బ్రిటన్ చేరిన ఫ్రెడరిక్ వాల్క్ ఈ పాత్ర వేశాడు. పారిస్ నైట్‌క్లబ్బులో మాక్స్‌వెల్ ఫ్రీర్ అనే వెంట్రిలాక్విస్టు హ్యూగో అనే బొమ్మతో ప్రదర్శన ఇస్తుంటాడు. క్లబ్బు యజమాని బ్యూలాగా నటించినది అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన నల్లజాతి గాయని ఎలిజబెత్ వెల్ష్. ఆనాటి సినిమాల్లో నల్లజాతి స్త్రీలకు దక్కిన పనిమనుషుల వేషాలు తలుచుకుంటే, సొంత క్లబ్బును హుందాగా నడిపే బ్యూలా నేటి కళ్లకు ప్రత్యేకంగా కనిపిస్తుంది. హ్యూగో తన యజమానిని అందరి ముందూ అవమానిస్తాడు, మరో వెంట్రిలాక్విస్టు దగ్గరికి వెళ్లిపోతానని బెదిరిస్తాడు. మైకేల్ రెడ్‌గ్రేవ్ ఫ్రీర్‌గా చేసిన నటన హారర్ చిత్రాల్లో నేను చూసిన వాటన్నిటిలోకీ గొప్పది. బొమ్మ మాట్లాడుతున్నప్పుడు అతని ముఖం చూడండి. మర్యాద చిరునవ్వు పెదవులకు అతుక్కుని ఉంటుంది, కళ్లలో చెమ్మ. హ్యూగో ముఖాన్ని దిండుతో నొక్కి, కాలికింద నలిపి చంపాక, ఆసుపత్రి మంచం మీద అతను నోరు తెరవబోతాడు. దవడ బిగుసుకుపోయి, పెదవులు చెక్క బొమ్మలా తెరుచుకుంటాయి. బయటికొచ్చే గొంతు హ్యూగోది. అక్కడ ఏ కెమెరా మాయా లేదు, ఒక నటుడి ముఖ కండరాలు తప్ప.

మ్యాక్‌ఫైల్ గురించి ఇక్కడ ఒక మాట. 1945లోనే హిచ్‌కాక్ ‘స్పెల్‌బౌండ్’ వచ్చింది. ఒక కలను విప్పిచెప్పి మనోవిశ్లేషణ రోగిని కాపాడే కథ. దానికి కథారూపం దిద్దినవాడిగా టైటిల్స్‌లో ఉన్న పేరు ఆంగస్ మ్యాక్‌ఫైలే. ఒకే ఏడాది, ఒకే రచయిత చేతి మీదుగా, హాలీవుడ్‌లో కలను చదివి వైద్యులు జబ్బు నయం చేశారు. ఈలింగ్‌లో కలను తేలిగ్గా తీసుకున్న వైద్యుడి కళ్లజోడు పగిలింది, రోగి అతని గొంతు నులిమాడు.

అక్కణ్ణుంచి సినిమా పట్టు తప్పి పరుగెడుతుంది, కావాలనే. హత్య చేసిన క్రెయిగ్ ఒక కథలోంచి మరో కథలోకి పారిపోతాడు. క్రిస్మస్ పిల్లల మధ్య దూరతాడు, శాలీని కొడతాడు, అద్దం గదిలో తేలతాడు, పారిస్ క్లబ్బులో జనం చేతుల మీదుగా జైలు గదిలోకి చేరతాడు. అక్కడ హ్యూగో తన కాళ్ల మీద తాను నడిచి వస్తాడు. జార్జ్ ఓరిక్ సంగీతం, వంకర కోణాలు, దగ్గరికొచ్చే ముఖాలు. తర్వాత టెలిఫోన్ గంట. క్రెయిగ్ తన పడకగదిలో లేస్తాడు. ఒక పల్లెటూరి ఇంటికి రమ్మని పిలుపు. వెళ్లిరండి, మీ పీడకలలు తగ్గుతాయని భార్య అంటుంది.

అమెరికాలో 1946లో విడుదల చేసినప్పుడు నిడివి తగ్గించడానికి క్రిస్మస్ కథనూ గోల్ఫ్ కథనూ కోసేశారు. దాంతో క్రెయిగ్ పీడకలలో దాగుడుమూతలాడే పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చారో అక్కడి ప్రేక్షకులకు అర్థం కాకుండా పోయింది. చట్రంలోంచి ఒక కథ లాగేస్తే కట్టడమంతా కుంగిపోతుందని ఆ కోత రుజువు చేసింది.

ఈ కట్టడం ఊహించని చోట మరో పని చేసింది. కేంబ్రిడ్జ్‌లో ముగ్గురు యువ శాస్త్రవేత్తలు, ఫ్రెడ్ హాయిల్, హెర్మన్ బాండి, థామస్ గోల్డ్, ఈ సినిమా కలిసి చూశారు. విశ్వం కూడా ఇలా మొదలూ తుదీ లేకుండా కట్టి ఉంటే ఎలా ఉంటుందని గోల్డ్ అడిగాడని తర్వాత వాళ్లే చెప్పారు. కదలిక ఉంటూనే మారనట్టు ఉండే విశ్వం గురించిన స్థిరస్థితి సిద్ధాంతం 1948లో వెలువడింది. 1965లో విశ్వ నేపథ్య వికిరణం బయటపడ్డాక అది నిలవలేదు. అయినా హాయిల్ శిష్యుడైన మన జయంత్ నార్లీకర్ దశాబ్దాల పాటు ఆ దారిలోనే ఆలోచించాడు. ఒక దెయ్యాల సినిమా చట్రం విశ్వశాస్త్రంలో ఒక ప్రశ్నకు ప్రేరణ కావడం కళకు దక్కిన అరుదైన గౌరవం.

సినిమాల్లో దీని సంతానం చాలా పెద్దది. బ్రిటన్‌లో మిల్టన్ సుబాట్‌స్కీ దీన్నే ఆదర్శంగా పెట్టుకుని 1965లో ‘డాక్టర్ టెర్రర్స్ హౌస్ ఆఫ్ హారర్స్’తో మొదలుపెట్టి, ఆమికస్ సంస్థ తరఫున ఇలాంటి చిత్రాల వరసే తీశాడు. మన దగ్గర రాంగోపాల్ వర్మ నిర్మించిన ‘డర్నా మనా హై’ (2003), అడవిలో చిక్కుకున్న మిత్రులు చెప్పుకునే ఆరు కథలు, ఆ కుదురుకు చెందిందే. వీటిలో బాగున్నవి ఉన్నాయి. కానీ చాలావాటిలో చట్రం మళ్లీ పళ్లెంగా మారిపోయింది.

ఇప్పుడు ఈ సినిమాను ఎక్కువమంది ముక్కలుగా చూస్తున్నారు. బొమ్మ కథ ఒక్కటీ, లేకపోతే చివరి పది నిమిషాలు. పాఠకులకు నా మనవి ఒక్కటే. కోతలు లేని పూర్తి ప్రతిని సంపాదించండి. రాత్రి పూట, ఒక్క కూర్చోవడంలో చూడండి. గోల్ఫ్ కథను దాటేయకండి. క్రెయిగ్ మేలుకున్నాక సినిమా అయిపోయిందనుకుని లేవకండి. పేర్లు పడుతున్నప్పుడు వాటి వెనక కథ ఇంకా నడుస్తూనే ఉంటుంది.